పాతచీర కొంగున పసివారి వేషము

రేడియో నాటకములో పాత్రధారికి కిరీటముతో పనిలేదు. గొంతు గంభీరముగా పలికినచో చాలును, వినువారి మనస్సులోనే రాజు సింహాసనముపై కూర్చుండును. బడి పండుగనాడు వేదిక మీద నిలుచు అయిదేండ్ల పిల్లవానికి ఆ సదుపాయము లేదు. వాడు కృష్ణుడని చూచువారికి తెలియవలెను. అంతకుముందే తాను కృష్ణుడనను నమ్మకము వానికి కలుగవలెను. ఆ నమ్మకమునకే వేషము. దానిని దుకాణమునుండి అద్దెకు తేవలెనా, ఇంటిలోని పాతబట్టలతో, అట్టముక్కలతో మనమే కుట్టుకొనవచ్చునా అన్నదే ఈనాటి మన ముచ్చట.

మా ఊరు ఇబ్రహీంపట్నం. హైదరాబాదునుండి నాగార్జునసాగరు పోవు దారిలో సుమారు 30 కిలోమీటర్ల దూరమున, పెద్దచెరువు పక్కన ఉన్నది. ఆషాఢములో బోనాలతో మొదలై మా పిల్లల వేషముల ఋతువు ఏడాది పొడవునా సాగును. శ్రావణములో కృష్ణాష్టమి, ఆగస్టు 15న జెండా పండుగ, పెత్తరమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మ, నవంబరు 14న బాలల దినోత్సవము, జనవరి 26, తుదకు బడి వార్షికోత్సవము. ఒక్కొక్క పండుగకు ఒక్కొక్క వేషము. పైగా మా ప్రాంతమునకు చేరువలోనే 1996లో వెలసిన రామోజీ ఫిలింసిటీ ఉన్నది. వెండితెర మీద మెరయు దుస్తులు చూచిన పిల్లలకు అట్టి మెరుపే వేషమని తోచుట సహజము. తల్లిదండ్రులకు ఆ మెరుపునకు అద్దె కట్టుట భారమగుటయు సహజమే.

కొన్ని ఏండ్ల క్రిందట మా చిన్నవాడు కృష్ణాష్టమికి ముందునాటి సాయంత్రము బడినుండి వచ్చి, పుస్తకముల సంచి దింపకయే గడపలో నిలిచినాడు. "అమ్మా, యేషం లేనోళ్లు ఎనుక కూసోవాల్నట" అన్నాడు. ఏడ్వలేదు. ఏడ్చినచో నాకు ఇంత బాధ కలుగకపోవును. వెంటనే బజారుకు పోయి అడిగినాను. ఒక్క పూట అద్దె మా ఇంట మూడు దినముల కూరగాయల ఖర్చు. పైగా వారు చూపిన దుస్తు పదేండ్ల పిల్లవానికి సరిపోవునది, ఎవరి చెమటవాసనయో ఇంకను వదలనిది. వట్టిచేతులతో తిరిగి వచ్చి, ఈసారికి వెనుకనే కూర్చుండుమని చెప్పబోయినాను.

మా అత్తమ్మ లోపలినుండి, "బొంతకని దాచిన పచ్చచీర ఉన్నది, తియ్యి బిడ్డా" అన్నది. ఆ రాత్రి మేమిద్దరము కూర్చుండి చీర కత్తిరించినాము. ఆ తరువాత నేను కుట్టిన వేషములన్నిటికి ఆ రాత్రియే మొదలు. అందులో చేసిన తప్పులును, వానివలన నేర్చినవియు నేడు మీ ముందుంచుచున్నాను.

మొదట తెలిసికొనవలసినది ఒకటి కలదు. వేషమనగా నిలువెల్ల అలంకారము కాదు. దూరమునుండి చూచువాడు గుర్తుపట్టగల ఒక్క చిహ్నము. ఈ సంగతి మన పల్లెల కళాకారులకు ఏనాడో తెలిసినది. పగటివేషగాడు పట్టపగలు, తెరలేక, దీపములేక, వాకిట నిలిచి మెప్పించవలెను. అతనికి మెరుపుకంటె గుర్తు ముఖ్యము. మన తెలంగాణపు చిందు భాగవతులు తేలికైన కర్రతో కిరీటములు, భుజకీర్తులు చెక్కి, వానిపై రంగుకాగితములు, అద్దపుముక్కలు అంటించి రాజులను, దేవతలను నిలిపినారు. బంగారము వారి దగ్గర లేదు. తెల్లవారుదాక ఆడవలసినవానికి బరువైన నగ పనికిరాదు కూడ. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున పుట్టిన సురభి నాటకసమాజమువారు కుటుంబము కుటుంబమే రంగస్థలముగా బ్రతికినారు. నటించుట, తెరలు వ్రాయుట, దుస్తులు సవరించుట, అన్నియు ఇంటిపనులే వారికి. ఆ సురభివారు మన రంగారెడ్డి జిల్లాలోనే లింగంపల్లి దగ్గర స్థిరపడి ఉన్నారు.

గాంధీమహాత్ముని సంగతి చూడండి. 1921 సెప్టెంబరులో మధురలో ఆయన అంగీ, టోపీ విడిచి కొల్లాయి కట్టినారు. బట్టలేని పేదవానితో తానును సమానుడనని చెప్పుటకే ఆ కట్టు. నేడు పిల్లవానికి గాంధీతాత వేషము వేయవలెనన్నచో ఒక పాత పంచె సగము, ఒక చేతికర్ర, తీగతో వంచిన గుండ్రని కండ్లజోడు, ఇవి చాలును. ఆ వేషమునకు వెల ఎంత తక్కువయో అర్థము అంత ఎక్కువ. పట్టుపంచె కట్టించి, మెరయు శాలువ కప్పి గాంధీ అన్నచో వేషము ఖరీదైనను అబద్ధమగును.

ఇక సామగ్రి. పండుగ ముందునాడు వెదకినచో ఏదియు దొరకదు. అందుచేత ఇంటిలో ఒక వేషాల పెట్టె ఉంచుకొనవలెను. చీర చినిగినప్పుడు సాధారణముగా నడుమ భాగము, కూర్చుండుచోట, నలిగి చినుగును. కొంగును, అంచులును గట్టిగనే ఉండును. ఆ రెండింటిని కత్తిరించి, ఉతికి, ఎండబెట్టి, చుట్టి పెట్టెలో వేయవలెను. శుభలేఖలు పారవేయరాదు. అంత దళసరి అట్ట, దానిపై బంగారురంగు అచ్చు, మనము కొనదలచినను సులభముగా దొరకవు. మిఠాయిడబ్బాల అట్టలు, చెప్పులడబ్బాలు, తేయాకు పొట్లములలోని వెండికాగితము, తెగిన పూసలు, పాత గొడుగు నల్లగుడ్డ, గోనెసంచి, కొబ్బరిపీచు, దర్జీవాడు నేలపై పారవేయు గుడ్డపీలికలు, ఇవన్నియు మన ధనమే. ఒక్క మాట మాత్రము మరువరాదు. అసలు వెండిజరీ గల పాత పట్టుచీరను కత్తిరించరాదు. ఆ జరీని తూచి కొనువారున్నారు. మాకు చేరువలోని పోచంపల్లి నేతచీర ఇంకను కట్టుటకు యోగ్యముగా ఉన్నచో దాని జోలికి పోవలదు. నూలును ముందుగా ముడులు కట్టి, రంగులద్ది, ఆపైన నేసిన పని అది. చినిగిన తరువాత మాత్రమే దాని ముక్క మన పెట్టెలోనికి రావలెను.

జిగురు ఇంటిలోనే కాచుకొనవచ్చును. రెండు చెంచాల మైదాపిండిని కొద్ది చన్నీళ్లలో ఉండలు లేకుండ కలిపి, ఒక గ్లాసెడు మరుగునీటిలో పోసి, సన్నని సెగపై త్రిప్పుచు చిక్కబడువరకు ఉంచినచో అట్టలకు, కాగితములకు చక్కని జిగురగును. పురుగు పట్టకుండుటకు కొందరు ఇందులో మైలతుత్తము వేయుదురు. అది విషము. పిల్లల చేతికి, నోటికి అందు వస్తువులలో వేయరాదు. ఏనాటి జిగురు ఆనాడే కాచుకొనిన మేలు.

కిరీటముపై పొడుగుబొమ్మ, గదకు తల, బోనపు కుండ వంటి గుండ్రని వస్తువులకు కాగితపు గుజ్జు ఉత్తమము. మన అవ్వలు పాతకాగితములను నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి, బుట్టలు, తట్టలు చేసెడివారు. ఆ విద్యయే ఇక్కడ అక్కరకు వచ్చును. వార్తాపత్రికలను ముక్కలుగా చించి ఒక రాత్రి నానబెట్టవలెను. మరునాడు నీరు పిండి, నానిన మెంతులతో మెత్తగా రుబ్బి, నూనె రాచిన చెంబు మీదనో గిన్నె మీదనో అర అంగుళము మందమున పట్టించవలెను. నీడలో మొదలుపెట్టి ఎండలో ముగించవలెను. మొదటనే మండుటెండలో పెట్టినచో పగుళ్లు పారును. మూడునాలుగు దినములలో గట్టిపడును. చేతికి ఎత్తినచో దూదివలె తేలికగా ఉండును.

ఇప్పుడు కృష్ణుని వేషము చూతము. పిల్లవానికి పంచె కట్టినచో నాట్యము నడుమ జారుటయే దాని ధర్మము. దానికి ఉపాయమున్నది. వాని పాత నిక్కరునే ఆధారముగా తీసికొనవలెను. పసుపుపచ్చని చీరనుండి రెండు గజముల పొడవు, పిల్లవాని నడుమునుండి చీలమండవరకు గల వెడల్పు ముక్క కత్తిరించవలెను. చీర అంచు క్రిందివైపునకు రావలెను. నడుమ భాగమును ముందువైపు కుచ్చెళ్లు పెట్టి నిక్కరు నడుముపట్టీకి కుట్టివేయవలెను. మిగిలిన రెండు కొసలను కాళ్ల నడుమనుండి వెనుకకు తీసి అక్కడను కుట్టవలెను. ఇక పంచె ఊడదు. నిక్కరు తొడిగినట్లు తొడుగవచ్చును, విప్పవచ్చును. చిన్నపిల్లవాడు హడావుడిగా మరుగుదొడ్డికి పోవలసి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు విలువ తల్లికి తెలియును.

కిరీటము విషయమున నా తప్పు చెప్పుదును. ఆ మొదటి రాత్రి నూనెడబ్బా రేకు మెరయుచున్నదని దానినే కత్తెరతో కోసి కిరీటము చేసినాను. అంచు మడిచినాను, గుడ్డ అంటించలేదు. తెల్లవారి వాని తలపై పెట్టగానే నుదుట గీరుకొని సన్నని నెత్తురుచార వచ్చినది. గాయము చిన్నదే. కాని వాడు ఆ కిరీటమును మరల పెట్టుకొననన్నాడు. వానిది తప్పు కాదు. అప్పటికప్పుడు ఎఱ్ఱగుడ్డతో తలపాగ చుట్టి, దానిపై అట్ట నెమలికన్ను గుచ్చి పంపినాను. ఆనాటినుండి మా ఇంట వేషములలో రేకు లేదు, తీగ మొన లేదు, గుండుసూది లేదు.

ఇప్పుడు చేయు పద్ధతి ఇది. కనుబొమలకు పైన తలచుట్టు కొలత తీయవలెను. అయిదేండ్ల పిల్లలకు అది సాధారణముగా 20 అంగుళములకు అటు ఇటుగా ఉండును. అయినను కొలువక నమ్మరాదు. మిఠాయిడబ్బా అట్టనుండి మూడు అంగుళముల వెడల్పు పట్టీ కోయవలెను. దాని పొడవు తలచుట్టు కొలతకంటె రెండు అంగుళములు తక్కువగా ఉంచి, ఆ లోటును వెనుకవైపు సాగుపట్టీతో పూరించవలెను. అప్పుడు కిరీటము బిగియదు, జారదు. లోపలివైపు పాత బనియను గుడ్డ అంటించినచో చెమట పీల్చుకొనును, నుదురు ఒరయదు. బయట చీర జరీ అంచు, దానిపై శుభలేఖనుండి కోసిన ఆకులు, పూసలు. తూచి చూడనక్కరలేదు. చిటికెన వ్రేలిపై నిలిపినచో బరువు తోచకుండవలెను.

నెమలికన్ను లేక కృష్ణుడు లేడు. కాని దానికై నెమలిని బాధించువారికి వెరవక సొమ్ము ఇచ్చుట మన పని కాదు. 1963లో నెమలి మన జాతీయ పక్షి అయినది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని వేటాడుటను నిషేధించినది. రాలిన ఈక ఇంటిలో ఉన్నచో సరి, లేనిచో కన్నును మనమే చేయవచ్చును. అట్టను కోడిగ్రుడ్డు ఆకారమున మూడు అంగుళముల పొడవుకు కోసి, ఆకుపచ్చ గుడ్డ అంటించవలెను. దానిపై కొంచెము చిన్నదిగా రాగిరంగు, ఇంకను చిన్నదిగా నీలిరంగు, నడుమ హృదయాకారమున చిక్కని ముదురునీలము. అంచున ఆకుపచ్చ గుడ్డ దారములను లాగి కుచ్చుగా విడువవలెను. పిల్లవాడు ఈ నాలుగు రంగుల వరుసను చేతితో అంటించినచో మరి ఏనాడును మరువడు. నిజమైన నెమలిని చూచినప్పుడు ఆ వరుసను వెదకును. వేణువునకు వార్తాపత్రికను బిగువుగా చుట్టి, జిగురు రాచి, చిల్లుల స్థానమున నల్లచుక్కలు పెట్టినచో చాలును. ఊదునది పాట, వేణువు కాదు. ఆ పాట వెనుకనుండి వచ్చును.

ఆడపిల్ల గోపిక అయినను, బతుకమ్మ ఆటకు నిలిచినను పరికిణీ కావలెను. ఇక్కడ పాతచీర మనకు సగము పని తానే చేసిపెట్టును. చీర అంచు పొడవునా పోవును గనుక, చీరను అడ్డముగా కాక నిలువుగా, అనగా అంచు వెంబడి తీసికొనవలెను. నడుము కొలతకు మూడింతలు పొడవు ఉండవలెను. నడుము 22 అంగుళములైనచో 66 అంగుళములు. వెడల్పు విషయమున నడుమునుండి మడమవరకు కొలిచి, పైన నాడా దూర్చు మడతకు రెండు అంగుళములు కలుపవలెను. క్రింద అంచు ఉన్నది గనుక మడిచి కుట్టు పనిలేదు. ఎదుగు పిల్ల కనుక పొట్టలో ఒక అంగుళము మడత వేసి ఉంచినచో మరుసటి ఏడు విప్పుకొనవచ్చును. చీరలో మిగిలిన సన్నని భాగమునకు రెండవ అంచు ఉండును. అదియే ఓణీ. ఒక చీరకు రెండు అంచులు గనుక ఒకే చీరలో అక్కచెల్లెండ్రిద్దరికి వేషములు వెళ్లుటయు కలదు.

బోనాలు, బతుకమ్మ 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగలైనవి. బడులలోను పిల్లలచేత బోనములు ఎత్తించుచున్నారు. నిజమైన మట్టికుండ ఆరేండ్ల పిల్ల మెడకు బరువు. చెంబు మీద పట్టించిన కాగితపు గుజ్జు కుండయే వారికి తగినది. దానికి తెల్లకాగితము అంటించి, పసుపునీళ్లు పూసి, కుంకుమ చుక్కలు పెట్టి, మూతిచుట్టు వేపమండలు కట్టినచో చూడముచ్చటగా ఉండును. పైన దీపము మాత్రము నిజమైనది పెట్టరాదు. నారింజరంగు కాగితమును జ్వాలవలె కోసి నిలుపవలెను. పోతరాజు వేషమునకు ఎఱ్ఱని పంచె, కాళ్లకు మువ్వలు, చేత కొరడా గుర్తులు. ఆ కొరడాను మెత్తని చీరపీలికలను జడవలె అల్లి చేయవలెను. పోతరాజైన పిల్లవానికి పూనకము ఎట్లున్నను, ఉత్సాహము తప్పక వచ్చును. పక్కవానికి దెబ్బ తగిలినను నొప్పి పుట్టకూడదు.

చరిత్ర పాత్రలు వేయించునప్పుడు ఒక్క క్షణము ఆగి ఆలోచించవలెను. రాణీరుద్రమ అనగానే అద్దెదుస్తులలో గులాబిరంగు పట్టు, తళుకుల కిరీటము దొరకును. పదమూడవ శతాబ్దమున ఓరుగల్లు ఏలిన ఆమె పురుషవేషముననే సభ తీర్చెనని చరిత్రకారులు చెప్పుదురు. నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము ఆమె మరణమును 1289వ సంవత్సరమున పేర్కొన్నది. కావున ఆమె గుర్తు నగ కాదు, కవచము. పాత గోనెసంచిని చేతులు లేని చొక్కావలె కోసి, లోపల మెత్తనిగుడ్డ వేయవలెను. రూపాయిబిళ్లకంటె కొంచెము పెద్దవిగా అట్టబిళ్లలు కోసి, తేయాకు పొట్లపు వెండికాగితము చుట్టి, చేపపొలుసులవలె క్రిందినుండి పైకి వరుసలుగా కుట్టవలెను. పాడైన చాటయో జల్లెడయో నల్లరంగు పూసుకొని డాలగును. కత్తిని రెండు అట్టపొరలతో చేసి మొనను గుండ్రముగా కోయవలెను. ఈ కవచము కుట్టుచున్నంతసేపు పిల్లకు ఆ రాణి కథ చెప్పవచ్చును. అద్దెదుస్తు తొడుగుటకు పట్టు అయిదు నిమిషములలో ఆ కథకు చోటు లేదు.

ఇక భద్రత. ఇది చివర చెప్పుచున్నను ముందు పాటింపవలసినది. ఇంటిలో మిగిలిన గోడరంగులు, తలుపురంగులు పిల్లల ముఖమునకు, చేతులకు పూయరాదు. పాత రంగులలో సీసము ఉండుట కలదు. మన దేశములో ఇంటిరంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము 2017 నవంబరు 1నుండియే అమలునకు వచ్చినది. అటక మీది డబ్బా అంతకు ముందుదో తరువాతదో ఎవరికి తెలియును? కొన్ని సిందూరములలోను సీసము ఉండును, పిల్లల నోటికి అందనీయరాదు. పసుపు, సున్నము కలిపినచో ఎఱ్ఱరంగు వచ్చునన్నది మనకు తెలిసిన విద్యయే. అది గుడ్డకు మంచిది, చర్మమునకు కాదు, సున్నము మంటపెట్టును. కృష్ణుడు నీలమేఘశ్యాముడని ఒడలెల్ల నీలము పూయనక్కరలేదు. నీలపు బనియను చాలును. ముఖమునకు ఏది పూసినను ముందునాడు మణికట్టు లోపలివైపు కొద్దిగా రాచి, దద్దురు లేచునేమో చూడవలెను.

నిప్పు విషయమున ఉపేక్ష తగదు. నైలాను, పాలియెస్టరు బట్టలు నిప్పంటినచో కరిగి ఒంటికి అంటుకొనును. వదులుగా వ్రేలాడు నూలుబట్ట కూడ త్వరగా మండును. కావున చేతులు, అంచులు ఒంటికి దగ్గరగా ఉండవలెను. హారతి పళ్లెమునకు, దీపములకు వేషములోని పిల్లలను దూరముగా ఉంచవలెను. పొరపాటున నిప్పంటినచో పరుగెత్తనీయక నేలపై పండుకొనబెట్టి దొర్లించవలెను, దళసరి దుప్పటి కప్పి ఆర్పవలెను. కాలినచోట చల్లని నీటిధార ఇరువది నిమిషములు పోసి వైద్యునికి చూపవలెను. పండ్లపొడి, నూనె, సిరా పూయరాదు.

మరి రెండు చిన్న సంగతులు. మెడకు ముడివేసిన త్రాడు ఏ వేషమునను ఉండరాదు. ఎవరైన వెనుకనుండి లాగినచో ఊపిరి ఆడదు. దుప్పటా అయినను భుజమునకు రెండు కుట్లు వేసి నిలుపవలెను, లాగగానే తెగవలెను. సింహమో ఎలుగుబంటియో అగు పిల్లకు ముఖమంతయు మూయు ముసుగు వేయరాదు. గోనెపీచుతో చేసిన జూలును టోపీకి కుట్టి, ముఖమును తెరచి ఉంచినచో దారి కనపడును, ఊపిరి ఆడును, తల్లి తన బిడ్డను గుర్తుపట్టును. వేషము పూర్తికాగానే ఇంటిలోనే అరగంటసేపు తొడిగించి ఆడనీయవలెను. ఎక్కడ గోకుకొనునో అక్కడ మన కుట్టు తప్పు ఉన్నది.

పిల్లలచేత ఏ పని చేయించవచ్చునని కొందరడుగుదురు. రేడియో అన్నయ్యగా తెలుగు పిల్లలకు ప్రీతిపాత్రులైన న్యాయపతి రాఘవరావుగారు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును స్థాపించినారు. పిల్లల పాట పిల్లలే పాడవలెను, పిల్లల నాటిక పిల్లలే ఆడవలెనన్నది ఆయన నడచిన బాట. వేషమునకును అది వర్తించును. కత్తెర, సూది, పొయ్యి పెద్దల చేతిలో ఉండవలెను. జిగురు రాచుట, పూసలు గ్రుచ్చుట, బిళ్లలకు వెండికాగితము చుట్టుట, ఏ రంగు ఎక్కడ ఉండవలెనో చెప్పుట పిల్లల పని. పని వంకరగా వచ్చినను విప్పి సరిచేయరాదు. అది తనదని చెప్పుకొనుటకు పిల్లవానికి ఆ వంకరయే ఆనవాలు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. వేషమును గూర్చి పది దినములు ముందుగా తెలిపినచో ఏ ఇంటనైనను పాతచీర దొరకును, గుజ్జు ఆరును. ముందునాటి సాయంత్రము తెలిపినచో దొరకునది అద్దెదుస్తు ఒక్కటే. అది కట్టలేని ఇంటి పిల్లవాడు వెనుకవరుసకు పోవును. బహుమానము ఇచ్చునప్పుడు తళుకును కాక, ఇంట కుట్టిన దానిని, పిల్లవాడు తన పాత్రను గూర్చి చెప్పగల రెండు మాటలను చూచినచో మరుసటి ఏడు ఊరిలోని వేషములన్నియు తామే మారును. బడిలోనే ఒక వేషాల పెట్టె ఉంచి, పొట్టివైన వానిని తరువాతి పిల్లలకు అందజేయుట ఇంకను మేలు.

ఆనాటి కృష్ణాష్టమికి మా చిన్నవాడు తలపాగతో, అట్ట నెమలికన్నుతో ముందువరుసలోనే నిలిచినాడు. నుదుటి గీతపై మా అత్తమ్మ నామము దిద్దినది, ఎవరికిని కనపడలేదు. వానికి బహుమానము రాలేదు. కాని ఇంటికి వచ్చువరకు పిల్లనగ్రోవి చేతినుండి దింపలేదు. కాగితపు వేణువు ఆ వానలో నాని పాడైనది. పచ్చచీర పంచె మరి రెండేండ్లు ఇంకొకరి ఇంట కృష్ణుని కట్టినది. తుదకు తిరిగి వచ్చి, అత్తమ్మ మొదట అనుకొన్నట్లే బొంతలో చేరినది. చలికాలమున వాడు ఇప్పటికిని ఆ పచ్చముక్క ఉన్న వైపునే ముఖముపైకి లాగుకొని పండుకొనును.